సప్లై చైన్ + ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్: ఉద్యోగంలో పడ్డ కొన్నేళ్ల తర్వాత నా రివ్యూ

ఈ రెండూ కలిపి ఉన్న మాస్టర్స్ చేసి చాలా కాలమైంది, అప్పట్నుంచి ప్లానింగ్ పనిలోనే ఉన్నా. కోర్సు అవ్వగానే రాసే రివ్యూలన్నీ ఫ్యాకల్టీ ఎలా ఉన్నారు, ప్లేస్‌మెంట్ వచ్చిందా అనే దగ్గరే ఆగిపోతాయి కాబట్టి, పనిలో దిగాక ఏది అక్కరకొచ్చిందో చెప్తా. నా లెక్కలో సప్లై చైన్ సగం ఇప్పటికీ తిండి పెడుతోంది, ప్రాజెక్ట్ సగం మాత్రం ఎక్కువభాగం పదజాలమే.

అన్నిటికంటే విలువైన క్లాస్ ఇన్వెంటరీ. సేఫ్టీ స్టాక్ (అనుకోని అవసరానికి అదనంగా ఉంచుకునే సరుకు) ఫార్ములా ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది కదా అనుకుంటారు గానీ అసలు విషయం అందులో ఏది పెడుతున్నాం అనేది. రోజుకి సగటున 100 పీసులు అమ్ముడవుతాయి, అటూ ఇటూ 20 ఊగుతుంది (స్టాండర్డ్ డీవియేషన్ అన్నమాట), సరుకు రావడానికి 9 రోజులు అనుకోండి. 95 శాతం సర్వీస్ లెవెల్‌కి (అంటే వందలో 95 సార్లు కొత్త సరుకు వచ్చేలోపు స్టాక్ అయిపోకూడదు) సేఫ్టీ స్టాక్ సుమారు 99 పీసులు. ఇప్పుడు ఆ 9 రోజులు కూడా కచ్చితం కాదు, 3 రోజులు డీవియేషన్ ఉంది అని కలిపి చూడండి, అదే లెక్క 500 దాటిపోతుంది! ఆఫీసుల్లో అందరూ ఫోర్‌కాస్ట్ మీద పడి కొట్టుకుంటారు, సప్లయర్ ఎప్పుడు పంపాడు ఎప్పుడు చేరింది అనేది ఎవరూ రాసి పెట్టుకోరు. ఈ ఒక్క లెక్క వల్లే మీటింగుల్లో నా మాటకి విలువొచ్చింది.

బీర్ గేమ్ కూడా మర్చిపోలేను. 1960ల్లో ఎంఐటీలో పుట్టిన ఆట, రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అని నలుగురు కూర్చుని ఒకళ్లకొకళ్లు ఆర్డర్లు పంపుకోవడమే, మాట్లాడుకోకూడదు. కస్టమర్ డిమాండ్ వారానికి 4 నుంచి 8కి ఒక్కసారి పెరిగి అక్కడే ఉండిపోతుంది, అంతే, కానీ ఫ్యాక్టరీ దగ్గరికొచ్చేసరికి ఆర్డర్లు ఆకాశానికెక్కి తర్వాత సున్నాకి పడిపోతాయి. ఆట అయ్యాక కస్టమర్ పిచ్చోడు అని అందరూ తిడతారు, గ్రాఫ్ చూపించాకే నోళ్లు పడిపోతాయి. ఇలా కస్టమర్ దగ్గరి చిన్న మార్పు వెనక్కి పోయేకొద్దీ పెద్దదవ్వడమే బుల్‌విప్ ఎఫెక్ట్, దాని గురించి ఎన్ని స్లైడ్లు చూసినా ఇంతలా బుర్రకెక్కదు.

ఈఓక్యూ (ఒక్కసారికి ఎంత ఆర్డర్ పెడితే ఖర్చు తక్కువో చెప్పే లెక్క) 1913 నాటిది, పాతచింతకాయ పచ్చడి అని కొట్టిపారేస్తారు గానీ అందులో ఒక మంచి సంగతి ఉంది, లెక్క కంటే 50 శాతం ఎక్కువ ఆర్డర్ పెట్టినా, ఆర్డరింగ్, హోల్డింగ్ ఖర్చులు కలిపి పెరిగేది 8 శాతమే. కాబట్టి దశాంశాల కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఇక ప్రాజెక్ట్ సగం. క్రిటికల్ పాత్, పెర్ట్ (ఏ పని తర్వాత ఏది, మొత్తం ఎన్నాళ్లు అని లెక్కేసే పద్ధతులు) 1950ల చివర్లో వచ్చినవి, పది యాక్టివిటీల నెట్‌వర్క్ గీసి పరీక్ష రాసేస్తాం, బయట చూస్తే ఫ్లోట్ (ప్రాజెక్ట్ లేటవకుండా ఒక పనికి ఉండే వెసులుబాటు రోజులు) ఎవరికి దొరికితే వాళ్లు తినేస్తారు, అది ఎలా ఆపాలో ఎవరూ చెప్పలేదు. ఎర్న్‌డ్ వాల్యూ (జరిగిన పనికి విలువ కట్టి ప్రాజెక్ట్ ఎక్కడుందో చూసే పద్ధతి) అయితే మరీనూ. అందులో షెడ్యూల్ సంగతి చెప్పే సూచిక ఎస్‌పీఐ, అంటే జరిగిన పని విలువని ప్లాన్ ప్రకారం ఈపాటికి జరగాల్సిన పని విలువతో భాగించడం. ప్రాజెక్ట్ నాలుగు నెలలు లేటుగా ముగిసినా చివరికి రెండూ సమానం అయిపోయి ఎస్‌పీఐ ఠంచనుగా 1, అంటే అంతా టైంకే అని చూపిస్తుంది! దీన్ని సరిచేసే ఎర్న్‌డ్ షెడ్యూల్ పద్ధతి 2003లోనే వచ్చింది, మా సిలబస్‌లో దాని ఊసే లేదు. ఇంకోటి, ఈ డిగ్రీ ఉంటే పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్) అక్కర్లేదనుకోకండి, పరీక్ష తప్పదు, అనుభవం కూడా చూపించాల్సిందే.

రెండూ కలిపి చదవడం వల్ల లాభం ఎక్కడంటే గోడౌన్ మార్చడం, కొత్త ఈఆర్‌పీ (కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టడం లాంటి పనుల్లో. ప్రాజెక్ట్ వాళ్లు తేదీలు చూస్తారు, స్టోర్స్ వాళ్లు సరుకు చూస్తారు, మారే వారం అమ్మకాలు ఆగకుండా ముందే ఎంత స్టాక్ కట్టాలి, ఆ కొనుగోలు ఆర్డర్ ఎప్పుడు పోవాలి అనేది ప్లాన్‌లో ఒక లైనుగా పెట్టేవాడే ఉండడు, ఆ లైన్ మనం పెడతాం.

అస్సలు నేర్పనిది డేటా శుభ్రం చేయడం. ఒకే ఐటమ్‌కి రెండు కోడ్లు, ఒకచోట డబ్బాల్లో ఇంకోచోట పీసుల్లో లెక్క, నా టైం సగం వీటికే పోతుంది. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి డేటా తీసే భాష) సొంతంగా నేర్చుకున్నా.

ఏడాది రెండేళ్లు పనిచేసి చేరితే ఎక్కువ ఎక్కుతుంది. చేరేముందు సిలబస్‌లో సిమ్యులేషన్ ఉందా, కంపెనీ నిజం డేటాతో చేసే ప్రాజెక్ట్ ఉందా చూడండి, కేస్ స్టడీలు మాత్రమే ఉంటే నేనైతే చేరను.