చెడ్డపేరా, బద్నామా, అపకీర్తా: ఏది ఎక్కడ రాయాలి?

హనుమకొండలో, వరంగల్‌లో వార్తలు రాయడం నేర్చుకునే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘సార్, చెడ్డపేరు అనాలా, అపకీర్తి అనాలా? బద్నాం అని రాస్తే మరీ మాట్లాడినట్టు ఉంటదా?’ నిఘంటువు తీస్తే అన్నిటికీ దాదాపు ఒకే అర్థం కనిపిస్తుంది కాబట్టి గొడవ అక్కడ తెగదు. ఏది గ్రాంథికం, ఏది వాడుక అనేది నాకు రెండో సంగతే. ఆ మాట తప్పును ఎవరి మీద పెడుతోందో ముందు చూడాలి.

చెడ్డపేరుకు ఆ పట్టింపు లేదు, అందుకే నాకిష్టం. తప్పెవరిదో పక్కనున్న క్రియ చెబుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన మిర్చి బస్తాల్లో పైన మంచి కాయ, అడుగున తాలు దొరికిందనుకోండి. ‘ఆ ఊరి మిర్చికి చెడ్డపేరు వచ్చింది’ అంటే జరిగిన నష్టం చెప్పి ఊరుకున్నట్టు. ‘ఆ రైతు చెడ్డపేరు తెచ్చుకున్నాడు’ అంటే తప్పు అతనిదే. ‘ఒక్కడు ఊరందరికీ చెడ్డపేరు తెచ్చిపెట్టిండు’ అంటే తప్పు ఒకరిది, అనుభవించేది అందరూ. నామవాచకం అదే, క్రియ మారితే తీర్పు మారింది. మన దగ్గర ‘పేరు ఖరాబైంది’ అనేదీ ఇలాగే నడుస్తుంది.

బద్నాం దగ్గరే జాగ్రత్త కావాలి. ఇది ఫార్సీ మాట. బద్ అంటే చెడు, నాం అంటే పేరు. (అందుకే ‘బద్నాం పేరు’ అంటే పేరు రెండుసార్లు పడ్డట్టే.) నిజాం దఫ్తర్లలో మొదట ఫార్సీ, 1880ల నుంచి ఉర్దూ నడిచాయి. అలాంటి మాటలు ఇక్కడి తెలుగులో కలిసిపోయి ఎన్నో తరాలైంది. కాబట్టి అది రాతకు పనికిరాదని నేననను. నా అభ్యంతరం వేరే. ‘తాగి తాగి బద్నాం అయిండు’ అంటే స్వయంకృతం కావచ్చు. ‘బద్నాం చేసిండ్రు’ అనగానే మాత్రం ఆ మనిషి పాపం అమాయకుడు, ఎవరో కావాలని చేశారు అని వినేవాళ్లకు ఖాయమైపోతుంది. ‘ప్రభుత్వాన్ని బద్నాం చేసే కుట్ర’ అనే హెడ్డింగ్ మనకు కొత్త కాదు. నాయకుడు ఆ మాటన్నాడు సరే. కోట్స్ లేకుండా అచ్చువేస్తే ఆరోపణలు అబద్ధమని విలేకరే తేల్చినట్టవుతుంది. అందుకే బద్నాం చేయడం ఎవరి నోట వచ్చిందో వాళ్ల నోటనే ఉంచాలి. వార్త మన గొంతుతో చెప్పేటప్పుడు చెడ్డపేరే మేలు.

అపకీర్తి, అపఖ్యాతి ఎత్తున్న మాటలు. కీర్తో ఖ్యాతో ఉన్నవాడికే అవి నప్పుతాయి. ‘సంభావితస్య చాకీర్తిర్మరణాదతిరిచ్యతే’ అని గీతలో కృష్ణుడు అర్జునుడితో అంటాడు. గౌరవం పొందినవాడికి అకీర్తి చావుకన్నా ఎక్కువని. అక్కడ ‘సంభావితస్య’ అన్నది ఊరికే పడలేదు. మనవాళ్లు మాత్రం బియ్యం తూకంలో మోసం చేసి దొరికినవాడికి కూడా అపఖ్యాతి మూటగట్టిస్తారు. అతనికి అంత ఖ్యాతి ఎప్పుడుంది? పైగా ‘మూటగట్టుకున్నాడు’ అంటే తానే చేసుకున్నాడని తేల్చినట్టు. కేసు ఇంకా నడుస్తుంటే అది రాయొద్దు.

ఆ చెప్పిన కృష్ణుడే మరోచోట బాధితుడు. మణి అడిగితే సత్రాజిత్తు ఇవ్వలేదు, తర్వాత దాన్ని వేసుకుని వేటకు పోయిన ప్రసేనుడు తిరిగి రాలేదు, అనుమానం కృష్ణుడి మీదికి పోయింది. ఏటా చవితినాడు అక్షింతలు పట్టుకుని వినే కథే. అక్కడ వాడేది నీలాపనింద. చేయని తప్పు మీద పడడం. అభాండమూ అంతే, అబద్ధమని ఆ మాటలోనే ఉంది. అపవాదు కాస్త మెత్తన, రుజువు కాలేదన్నంత వరకే పోతుంది. చెడ్డపేరు అనాల్సిన చోట అభాండం అంటే అవతలివాణ్ణి నిర్దోషిగా వదిలేసినట్టే.

పరువు పోవడం, ఇజ్జత్ పోవడం వేరే సంగతి. అది నలుగురి ముందు ఒక్కసారి జరిగేది. పెళ్లిపందిట్లో కొట్లాటైతే ఇజ్జత్ పోతుంది. చెడ్డపేరు అంతటితో రాదు, కొన్నాళ్లు పడుతుంది. మచ్చ, కళంకం అంటే మిగతాదంతా తెల్లగా ఉన్నప్పుడే. అప్రతిష్ఠ సంస్థలకు సరిపోతుంది. అపయశస్సును పద్యాలకు వదిలేద్దాం.

ఇక దొంగల వార్తలు. ‘పేరుగాంచిన దొంగ’ అని రాసి తెస్తే కొట్టేస్తాను. పేరుగాంచడం మంచికే. ‘పేరుమోసిన’ అయితే డాక్టర్‌కూ చెల్లుతుంది, దొంగకూ చెల్లుతుంది. ‘ఘరానా’ అంటే మొదట మంచి ఇంటివాడనే అర్థం, ఇప్పుడు వార్తల్లో ఎక్కువగా దొంగ, మోసం లాంటి మాటల పక్కనే కనిపిస్తుంది. ఒక పెద్దమనిషిని పొగుడుతూ ‘ఘరానా వ్యక్తి’ అని రాసిన పిల్లాడికి ఆ సంగతి చెప్పి, ‘పేరున్న’ అని దిద్దించాను.