రంది తగ్గాలంటే ఏది మేలు: ఫోనా, ముచ్చటా, చెరువు కట్టా?

మార్చి నెలాఖరులో బ్యాంకు లెక్కలు ముగించుకొని రాత్రి ఎనిమిదిన్నరకు నల్లగొండలోని ఇంటికి చేరినప్పుడు, రోజంతా కుర్చీ వదలని మనిషినే అయినా, అన్నం కలుపుకొనే ఓపిక కూడా నాకు మిగలదు. తేడా పడిన ఒక్క పద్దు, పై అధికారి విసిరిన ఒక్క మాట తలలో గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. మా వైపు దీన్ని రంది అంటారు. "రంది పెట్టుకోకు బిడ్డా" అని అమ్మ అంటూనే ఉంటుంది గానీ, వద్దనుకున్నంత మాత్రాన అది పోదు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొందరు విద్యార్థులను కూర్చోబెట్టి, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, ఒకవేళ ఆలోచన వస్తే గంట కొట్టమని చెప్పారు. గంట మోగుతూనే ఉంది. పైగా ఆ తరువాత ఆలోచించవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి నుంచీ అడ్డు లేకుండా ఆలోచించినవారి కంటే వీరికే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తుకు వచ్చింది.

కనుక రందిని నెట్టివేయడం కుదరని పని అనీ, దృష్టికి మరొక చోటు చూపవలసిందేననీ ఒప్పుకుందాం. ఆ చోటు ఏది? నాకు అందుబాటులో ఉన్నవి నాలుగు: చేతిలోని ఫోను, చాయ్ దుకాణం దగ్గర స్నేహితులతో ముచ్చట, పానగల్ చెరువు కట్ట, ఇంట్లో ఏదో ఒక చేతిపని. కొన్నేళ్లుగా నాలుగింటినీ మార్చి మార్చి చూశాను.

దృష్టిని లాక్కోవడంలో ఫోనును మించినది లేదు, అందులో సందేహం అక్కర్లేదు. పంటి నొప్పితో ఆసుపత్రి బల్ల మీద వంతు కోసం కూర్చున్నప్పుడు నవ్వించే వీడియోలు నాకు నిజంగానే మేలు చేశాయి. అయితే మార్చి రాత్రుల్లో అదే పని గంటన్నర సేపు చేసి లేచినప్పుడు తల తేలికపడక పోగా, కళ్లు మండడం అదనంగా చేరేది. దీనికి కారణం మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో వెలువరించిన గ్రంథంలో దొరుకుతుంది. వారి లెక్కన మన దృష్టి రెండు రకాలు: పద్దులు సరిచూసేటప్పుడు బలవంతంగా నిలుపుకొనేది ఒకటి, ఏ ప్రయాసా లేకుండా దానంతటదే ఒక వస్తువు మీదికి పోయేది మరొకటి. మొదటిది వాడేకొద్దీ అరిగిపోతుంది. రెండవది పనిచేస్తున్న సేపట్లో మొదటిదానికి విశ్రాంతి దొరుకుతుంది. కానీ ఆ రెండవదానిలోనూ తేడా ఉంది. జోరుగా సాగే ఆటలాంటిది మనసును పూర్తిగా ఆక్రమించి, లోపల మిగిలిన సంగతి సర్దుకొనే సందు ఇవ్వదు. మబ్బులు, ఆకుల కదలిక, సాయంకాలపు వెలుగు వంటివి మెల్లగా పట్టి ఉంచి, పక్కన కొంత ఖాళీ కూడా ఉంచుతాయి. పది సెకన్లకొక కొత్త బొమ్మ చూపే ఫోను ఏ వర్గంలోకి వస్తుందో వేరే చెప్పనవసరం లేదు. పైగా మా శాఖ వాట్సాప్ గ్రూపు ఉన్నది కూడా అదే ఫోనులో. రంది నుంచి పారిపోయి దాక్కున్న గదికి రంది దగ్గర మరో తాళంచెవి ఉన్నట్టే.

ముచ్చట విషయంలో తీర్పు చెప్పడం ఇంత సులువు కాదు. ఊళ్లోని గడియార స్తంభం దగ్గరి చాయ్ దుకాణంలో నలుగురం కూర్చొని పాత రోజుల సంగతులో, పత్తి ధరో, ఎవరి పెళ్లిలో ఏం వడ్డించారో మాట్లాడుకున్న రోజు నేను ఇంటికి వచ్చే నడకే వేరుగా ఉంటుందని నా భార్య అంటుంది. అయితే మేము నలుగురం ఒకే వృత్తివాళ్లం కావడం వల్ల, నెలలో సగం రోజులు ముచ్చట అధికారుల మీదికే మళ్లుతుంది. అప్పుడు ఒకరి రంది మీద మరొకరు కట్టెలు పేర్చి, నాలుగు చిన్న మంటలను ఒక్క పెద్ద మంట చేసి లేస్తాము. అమాండా రోజ్ అనే పరిశోధకురాలు 2002లో పిల్లల స్నేహాలను పరిశీలించి దాదాపు ఇదే సంగతిని ప్రచురించారు: ఒకే బాధను మళ్లీ మళ్లీ తవ్వుకొనే స్నేహితుల మధ్య చనువు ఎక్కువగానే ఉంటుంది, కానీ దానితో పాటు దిగులు, ఆందోళన కూడా ఎక్కువగా కనిపిస్తాయి. ముచ్చట మేలు చేసేది విషయం మారినప్పుడే. అందుకే నా బల్ల దగ్గరికి ఇప్పుడు ఒక సైకిల్ మెకానిక్‌ను కూడా పిలుస్తున్నాను. ఆయనకు మా పద్దుల గోల అర్థం కాదు, వినే ఓపిక అంతకన్నా లేదు.

ఇక చెరువు కట్ట. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పానగల్ చెరువు పేరు ఉదయసముద్రం, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల కాలపు చెరువు. ఇప్పుడు అది కృష్ణా నీటిని నిలిపే జలాశయం కూడా. సాయంత్రం ఆరు దాటాక ఆ కట్ట మీద నడుస్తుంటే నీటి మీది వెలుగు, కొంగల బారు, అవతల గుట్టల గీత, ఇవేవీ నన్ను ఏమీ అడగవు. మొదటి పావుగంట పద్దు తలలో తిరుగుతూనే ఉంటుంది, దాన్ని నేను ఆపను. తరువాత ఎప్పుడో తిరగడం మానేసిందని చాలాసేపటికి గానీ తెలియదు. దగ్గర్లోని ఛాయా సోమేశ్వరాలయం ఇంకొక రకమైన చోటు. గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద స్తంభం నీడ ఒకటి పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. బయట సూర్యుడు జరుగుతున్నా నీడ జరగదు. ఏ స్తంభానిదో చూద్దామని వెతికితే దొరకదు, ఎందుకంటే అది ఒక్క స్తంభానిది కాదు, అనేక స్తంభాల సందుల నుంచి చెదిరి వచ్చే వెలుగు కలిసి ఏర్పరచినది. ఆ నీడ ముందు కూర్చున్నవాడికి ఆలోచించడానికి ఒక చిన్న చిక్కుముడి దొరుకుతుంది, తొందరపెట్టేవారు మాత్రం ఉండరు. కాప్లాన్ దంపతులు చెప్పిన మెల్లని ఆకర్షణకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

కట్ట గొప్పదనం నా అనుభవానికే పరిమితం కాదు. 2008లో అదే మిచిగన్‌లో మార్క్ బెర్మన్ బృందం విద్యార్థులను ఒకసారి చెట్ల తోటలో, ఒకసారి రద్దీ వీధుల్లో సుమారు 50 నిమిషాలు నడిపించి, అంకెల వరుసలను వెనుక నుంచి ముందుకు చెప్పే పరీక్ష పెట్టింది. తోటలో నడిచి వచ్చినప్పుడు వారి దృష్టి స్పష్టంగా మెరుగుపడింది, వీధుల్లో నడిచి వచ్చినప్పుడు అంతగా మెరుగుపడలేదు. అంటే నడక ఒక్కటే మందు కాదు, కంటి ముందు ఏముందన్నది కూడా లెక్కే. మా ఊళ్లో రాత్రి భోజనం తరువాత హైదరాబాదు రోడ్డు పక్కన లారీల హారన్ల మధ్య చకచకా నడిచేవారిని చూస్తే ఈ మాట చెప్పాలనిపిస్తుంది. కాళ్లకు, చక్కెరకు ఆ నడక మంచిదే, తలకు మాత్రం సగం జీతమే.

పాలమూరు వారికి కట్టకు బదులు పిల్లలమర్రి ఉంది కదా అంటారు. ఉంది, కానీ సుమారు 700 ఏళ్ల వయసున్నదని చెప్పే ఆ మర్రికి మన తాకిడే బరువైంది: 2017 చివర కొమ్మ విరిగిపడి, సందర్శకులను ఆపవలసి వచ్చింది, 2018లో చెదలు పట్టిన మానుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఊడల మీద ఊగడానికి కాకుండా, దూరంగా నిలబడి చూడడానికే అక్కడికి వెళ్లాలి. తలకు కావలసింది కూడా అదే.

చేతిపనిని కట్ట తరువాతి స్థానంలో ఉంచుతాను, ఎండాకాలంలో మాత్రం మొదటి స్థానంలో. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ దిగిన తరువాత కూడా కట్ట మీది రాళ్లు సెగలు కక్కుతుంటాయి. ఆ రోజుల్లో అమ్మతో కలిసి చింతపండు కొట్టి గింజ, ఈనె తీస్తూ కూర్చుంటాను. చేతికి పని ఉంటుంది, బుర్రకు పెద్దగా ఉండదు; గంట తరువాత గిన్నె నిండడం కంటికి కనిపిస్తుంది, బ్యాంకులో ఏ రోజూ అలా ఏదీ నిండదు. అయితే దీనిలో ఒక మెలిక ఉంది. పుట్టపాకకు చెందిన నేత స్నేహితుడొకరిని మగ్గం ముందు కూర్చుంటే మనసు నిమ్మలంగా ఉంటుందా అని అడిగితే, కూలీ లెక్క గుర్తుకు వస్తుందని నవ్వాడు. ఆయన విశ్రాంతి వెతుక్కొనేది చేపల గాలంలో. బతుకుదెరువైన పని ఎంత అందమైనదైనా, ఆ మనిషికి అది విశ్రాంతి కాలేదు.

ఈ నాలుగింటిలో ఏదీ పనిచేయని రోజులు కూడా ఉంటాయి. పని నిజంగానే సగంలో మిగిలి ఉంటే, కట్ట మీద కూడా అది వెంట నడుస్తుంది. అటువంటి రోజు ముందుగా కాగితం తీసుకొని రేపు చేయవలసినవి వరుసగా రాస్తాను. 2018లో బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకులతో చేసిన ప్రయోగంలో, పడుకొనే ముందు 5 నిమిషాలు ఇలా రేపటి పనులు రాసినవారు, అయిపోయిన పనులు రాసినవారి కంటే సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. చీటీ రాశాక కట్టకు పోవడం, కట్టకు పోయి వచ్చి చీటీ రాయడం రెండూ చూశాను. మొదటిదే నాకు నయం. వారాల తరబడి నిద్ర పట్టక, దేని మీదా మనసు పోక ఉన్నవారికి మాత్రం కట్ట, చింతపండు చాలవు. వైద్యుణ్ణి కలవాలి, లేదా కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేయాలి. ఫోనును ఇంతసేపు తిట్టాను గానీ, ఆ ఒక్క పనికి అదే కావాలి.

ప్రస్తుతం నా వారం ఇలా సాగుతోంది: నాలుగు సాయంత్రాలు కట్ట, రెండు చాయ్ దుకాణం, ఎండ మరీ ముదిరిన రోజున చింతపండు. కట్టకు వెళ్లేటప్పుడు ఫోనును ఇంట్లోనే చార్జింగ్‌కు పెట్టి పోతున్నాను; తిరిగి వచ్చేసరికి గ్రూపులో యాభై సందేశాలు ఉంటాయి, వాటిలో నాకు సంబంధించినవి రెండుకు మించి ఎన్నడూ లేవు.