ఫైనాన్స్ డిగ్రీ తర్వాత దారి మార్చాలంటే ఏది మేలు: ఇంకో చదువా, పక్కకి జరగడమా, పూర్తిగా దూకేయడమా?

ఫైనాన్స్ డిగ్రీ చేతికొచ్చాక "ఇది నాకు పడేలా లేదు" అంటే చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా దాదాపు ఒకటే, ఇంకేదైనా చదివెయ్ అని. ఎంబీఏనో, సీఎఫ్ఏనో (పెట్టుబడుల విశ్లేషణలో ఇచ్చే ప్రొఫెషనల్ సర్టిఫికెట్), ఏదో ఒక మాస్టర్సో. నన్నడిగితే ఉన్న మూడు దారుల్లో తొందరపడి ఎక్కకూడనిది అదే.

దానికంటే ముందు ఒకటి తేల్చుకోండి: విసుగొచ్చింది సబ్జెక్ట్ మీదా, ఆ సబ్జెక్ట్ పేరుతో చేయించే ఉద్యోగం మీదా? నెలాఖరు క్లోజింగ్, అర్ధరాత్రి దాకా ప్రెజెంటేషన్లు, టార్గెట్ కోసం కస్టమర్ల వెంటపడటం, ఇవి నచ్చకపోవడం వేరు, ఒక కంపెనీ బ్యాలెన్స్ షీట్ ముందు పెట్టినా అందులో ఏముందో చూద్దామని కూడా అనిపించకపోవడం వేరు. చాలామంది మొదటి రకమే, కానీ రెండో రకం అనుకుని కంగారుపడుతుంటారు.

ఇక చదువు సంగతి. సీఎఫ్ఏలో మూడు లెవెల్స్, ఒక్కోదానికి సుమారు 300 గంటలు చదవాలని ఆ పరీక్ష పెట్టే సంస్థే చెబుతుంది, ఈ మధ్య మొదటి లెవెల్ రాసినవాళ్లలో సగం మంది కూడా గట్టెక్కడం లేదు. మూడూ పాసైనా సరే, పేరు పక్కన ఆ అక్షరాలు పెట్టుకోవాలంటే 4,000 గంటల సంబంధిత అనుభవం చూపించాలి, అదీ 36 నెలలకి తక్కువ కాకుండా. రిస్క్ మేనేజ్‌మెంట్‌కి ఇచ్చే ఎఫ్ఆర్ఎం సర్టిఫికెట్ అయితే రెండు పరీక్షలు, రెండేళ్ల అనుభవం. పెట్టుబడుల రీసెర్చ్‌లోకో రిస్క్‌లోకో వెళ్లాలని గట్టిగా ఉన్నవాళ్లకి ఇవి మంచివే. కానీ ఇవన్నీ ఫైనాన్స్‌లో ఇంకా లోపలికి దిగే మెట్లు కదా, బయటికి పోదామనుకునే మనిషి వీటినెందుకు ఎక్కడం? ఎంబీఏకి ఆ ఇబ్బంది లేదు, వేరే రంగంలోకి మారడానికి అది నిజంగానే పనికొస్తుంది, కాకపోతే కొన్నేళ్లు పని చేసి వెళ్లినవాళ్లకి. డిగ్రీ కాగానే చేరితే మొన్నమొన్న చదివిన అకౌంటింగ్, కార్పొరేట్ ఫైనాన్స్ మళ్లీ ఫీజు కట్టి చదివినట్టవుతుంది. ఇంకో మాట కూడా ఉంది, కొంచెం ఘాటుగా ఉంటుందేమో: ఏం చేయాలో తెలియనప్పుడు కోర్సులో చేరితే ఇంట్లో అడిగేవాళ్లు ఉండరు, రెండేళ్లు టెన్షన్ వాయిదా పడుతుంది, అంతే.

పక్కకి జరగడం అంటే ఫైనాన్స్ తెలిసి ఉండటం కలిసొచ్చే వేరే పని పట్టుకోవడం. డేటా ఎనలిస్ట్, చెల్లింపుల యాప్‌లో ప్రొడక్ట్ పని, బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ చేసేచోట బిజినెస్ ఎనలిస్ట్, కంప్లయన్స్ (కంపెనీ నియమాలు పాటిస్తోందో లేదో చూసే పని), వ్యాపార వార్తలు రాయడం, ఇలాంటివి. ఇక్కడ మీ డిగ్రీ విలువ ఎక్కడ తెలుస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక కస్టమర్ ఏడాది సబ్‌స్క్రిప్షన్‌కి 12,000 ముందే కట్టాడనుకోండి. డబ్బు 12,000 వచ్చింది, కానీ మొదటి నెల ఆదాయంగా చూపించాల్సింది 1,000 మాత్రమే, మిగతా 11,000 ఇంకా ఇవ్వాల్సిన సేవ, అంటే బాకీ. కోడింగ్ మాత్రమే తెలిసినవాళ్లు "సేల్స్" అన్న కాలమ్‌ని కూడేసి చార్ట్ గీసేస్తారు. మీరైతే ఆ కాలమ్‌లో ఉన్నది కుదిరిన ఆర్డరా, వేసిన బిల్లా, లెక్కకెక్కిన ఆదాయమా అని ముందే అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న అడగగలిగే మనిషి టీమ్‌లో ఉంటే ఎన్ని తప్పు రిపోర్టులు ఆగుతాయో ఆ పని చేసేవాళ్లకే తెలుసు.

దీనికి కొత్తగా నేర్చుకోవాల్సింది కూడా కొండంత ఏం కాదు. డేటాబేస్‌లోంచి సమాచారం బయటికి తీసే ఎస్‌క్యూఎల్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్. రిగ్రెషన్ (ఒక అంకె మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క) లాంటివి డిగ్రీలో ఎలాగూ చూసే ఉంటారు. సర్టిఫికెట్లు పోగేసే బదులు ఒక పని చేసి చూపించండి: స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన కంపెనీల వార్షిక నివేదికలు ఊరికే దొరుకుతాయి, ఒకే రంగంలో పది కంపెనీలు తీసుకుని అయిదేళ్ల నికర లాభాన్ని, కార్యకలాపాల నుంచి వచ్చిన నగదుని పక్కపక్కన పెట్టండి, లాభం పెరుగుతూ నగదు రాని కంపెనీ ఏదో, ఎందుకో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అది చాలు. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది, చేరాక "నీకు అకౌంట్స్ తెలుసుగా" అని మళ్లీ బడ్జెట్ షీట్ల దగ్గరే కూర్చోబెట్టే మేనేజర్లు ఉంటారు. మొదట్లోనే మొహమాటం లేకుండా చెప్పకపోతే అందులోనే ఇరుక్కుపోతారు.

పూర్తిగా దూకేయడం అంటే టీచింగ్, డిజైన్, లా, సైకాలజీ, ఏదైనా కావచ్చు. "ఇంత ఖర్చు పెట్టి చదివి ఇప్పుడు వదిలేస్తావా" అనే మాట ఇక్కడే ఎదురవుతుంది. అయిపోయిన ఖర్చుని, అంటే సంక్ కాస్ట్‌ని, ముందున్న నిర్ణయంలో కలపకూడదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా సొంత జీవితంలో ఆ లెక్క తప్పుతారు, చిత్రం! చూడాల్సింది ఇకముందు పెట్టే ఖర్చు, ఇకముందు వచ్చే ఫలితం, అంతవరకే. డిజైన్, రచన, సాఫ్ట్‌వేర్ లాంటి వాటిలో చేసిన పని చూపించి లోపలికి వెళ్లొచ్చు, కాబట్టి ఉద్యోగం మానకుండానే సాయంత్రాలు ప్రయత్నించి చూసే వీలుంది. లా, వైద్యం లాంటి వాటికి లైసెన్స్ లేనిదే గుమ్మం దాటనివ్వరు, వాటికి సగం సగం ప్రయత్నాలు పనికిరావు.

నా ఓటు పక్కకి జరగడానికే, ఉద్యోగం మాత్రమే నచ్చని వాళ్ల విషయంలో. జీతం ఆగదు, నచ్చకపోతే వెనక్కి రావచ్చు, నచ్చితే అక్కడి నుంచి ఇంకో అడుగు వేయొచ్చు. కానీ అంకెలంటేనే పడనివాళ్లు, పైగా వెళ్లాలనుకుంటున్నది లైసెన్స్ అడిగే వృత్తి అయితే, "రెండేళ్లు ఏదో ఒకటి చేసి చూద్దాం" అని ఆగొద్దు. ఇప్పుడు వదులుకునేది ఫ్రెషర్ జీతం మాత్రమే, అయిదేళ్లాగితే రెండు ప్రమోషన్లు, మీద పడ్డ ఈఎంఐలు కూడా లెక్కలోకి వస్తాయి. అడ్మిషన్ ఫారం ఈ ఏడాదే నింపండి.