‘లైఫ్‌టైమ్’ సాఫ్ట్‌వేర్, ఐదు వేల ఫేడ్లు అంటూ అమ్మే పెన్‌డ్రైవ్‌తో జాగ్రత్త

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే అన్నలు, తమ్ముళ్లు, కొత్తగా యూట్యూబ్ చానల్ పెట్టుకున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ‘లైఫ్‌టైమ్ ప్రీమియర్ ప్రో ఒరిజినల్, దాంతో పాటు ఐదు వేల ఫేడ్లు, ట్రాన్సిషన్లు’ అని చెప్పి పెన్‌డ్రైవ్ అమ్ముతున్నారు. ప్రీమియర్ ప్రో అంటే అడోబీ కంపెనీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఫేడ్ అంటే బొమ్మ మెల్లగా నల్లబడటం, లేదా నలుపులోంచి తేలడం. ట్రాన్సిషన్ అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారే తీరు. నా దగ్గర 2,500 రూపాయలు తీసుకున్నారు. కరీంనగర్, జగిత్యాల వైపు కూడా ఇదే సరుకు తిరుగుతోందని తోటి ఎడిటర్లు చెప్తున్నారు. అందుకే ఏ షాపు అన్నది పక్కన పెట్టి, సరుకు ఎట్లాంటిదో చెప్తాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అమ్మినవాడు నెట్ తీసేయమన్నాడు, యాంటీవైరస్ ఆపేయమన్నాడు. ఎందుకని అడిగితే “ఏం కాదన్నా, అందరూ ఇట్లనే వాడుతున్నరు” అన్నాడు. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత నర్సంపేట దగ్గర ఒక ఊరి పెళ్లి వీడియో చేతికి వచ్చింది. ఎదుర్కోళ్లు, తలంబ్రాలు, బరాత్ అన్నీ కట్ చేసి, అప్పగింతల దగ్గర తెర మెల్లగా నల్లబడేటట్టు ఆ ప్యాక్‌లోని ఫేడ్ వేశాను. ఎక్స్‌పోర్ట్ అయ్యాక చూస్తే ఫేడ్ నడిచినంతసేపు తెర మీద అడ్డంగా ఎర్ర గీతలు, మధ్యలో ఏదో ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) పేరు. బిడ్డను పట్టుకొని తల్లి ఏడుస్తోంది, ఆమె ముఖం మీద ఎర్ర గీత. ఆ ఇంటివాళ్లకు మళ్లీ రాని క్షణం అది. ఒరిజినల్ ఫుటేజ్ విడిగా ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత ప్యాక్‌లో ఏముందో ఒక్కొక్క ఫోల్డర్ తెరిచి చూశాను. కొన్ని వేరే కంపెనీల ప్లగిన్ల ట్రయల్ కాపీలు, అందుకే వాటర్‌మార్క్ పడుతోంది. మిగతావి చాలావరకు అసలు ఎఫెక్టులే కావు, ఒట్టి ఎంపీ4 వీడియోలు. తెలుపు నుంచి నలుపుకు మారే వీడియోను మన క్లిప్ మీద ట్రాక్‌లో పెట్టి, బ్లెండ్ మోడ్ (రెండు బొమ్మలు కలిసే తీరు) మల్టిప్లై చేసుకోవాలట, అప్పుడు తెలుపు కనిపించదు, నలుపు మాత్రం కిందిదాన్ని కప్పేస్తుంది. మామూలు ఎంపీ4లో పారదర్శకత ఉండదు, అందుకే ఈ తిప్పలు. పైగా అవి సెకనుకు 30 ఫ్రేముల్లో, ఫుల్ హెచ్‌డీలో చేసినవి. మన దగ్గర పెళ్లిళ్లు ఎక్కువగా 25 ఫ్రేముల్లో, ఇప్పుడు 4కేలో తీస్తున్నాం. ఫ్రేములు కలవక నల్లబడటం కూడా గతుకులు గతుకులుగా కనిపిస్తుంది. బొమ్మ నల్లబడినా శబ్దం అట్లనే ఉండి టక్కున తెగుతుంది. సన్నాయి మధ్యలో తెగితే ఎట్లా ఉంటుందో పెళ్లి వీడియో చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇంకొకటి. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఫేడ్ ఉండదని, అందుకే ఈ ప్యాక్ కావాలని కొత్త పిల్లలను నమ్మిస్తున్నారు. ఇది పచ్చి అబద్ధం. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో ఎడిట్ పేజీకి వెళ్లి క్లిప్ మీద మౌస్ పెట్టండి. పై మూలల్లో చిన్న హ్యాండిల్స్ కనిపిస్తాయి. వాటిని లోపలికి లాగితే ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ అయిపోతాయి. ఎంత లాగితే అంతసేపు. ఆడియో క్లిప్‌కూ ఇదే పద్ధతి. కింది ట్రాక్‌లో ఇంకో క్లిప్ ఉంటే మాత్రం నలుపు రాదు, ఆ క్లిప్ బయటపడుతుంది, అది చూసుకోండి. వాటర్‌మార్క్ పడదు, అల్ట్రా హెచ్‌డీ వరకు ఎక్స్‌పోర్ట్ అవుతుంది. మీ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు బలంగా లేకపోతే షాట్‌కట్, కేడెన్‌లైవ్ చూడండి. రెండూ పూర్తిగా ఉచితం, రెండింటిలోనూ ఫేడ్ క్లిప్ మూల పట్టుకొని లాగడమే. ప్రీమియర్ చందా కట్టి వాడేవాళ్లయితే క్లిప్ ఎంచుకొని కంట్రోల్ డి కొడితే డిఫాల్ట్ ట్రాన్సిషన్ పడుతుంది. లేదా ఒపాసిటీకి (బొమ్మ ఎంత గట్టిగా కనిపించాలన్న కొలత) ఫేడ్ మొదలయ్యే చోట, ముగిసే చోట కీఫ్రేములు అనే గుర్తులు పెట్టి 100 నుంచి 0కు దించుకోవచ్చు.

రెండు క్లిప్పుల మధ్య క్రాస్ డిసాల్వ్ సరిగ్గా రావడం లేదని కూడా చాలామంది ఈ ప్యాక్ కొంటున్నారు. అక్కడ తప్పు ఎఫెక్టుది కాదు. ఒక క్లిప్ మాసిపోతూ ఇంకోటి తేలాలంటే కట్ చేసిన చోటు దాటి రెండు వైపులా కొంత ఫుటేజ్ మిగిలి ఉండాలి. 25 ఫ్రేముల వీడియోలో ఒక సెకను డిసాల్వ్‌కు అటు ఇటు పన్నెండు, పదమూడు ఫ్రేములు కావాలి. క్లిప్పును చివరిదాకా వాడేస్తే ప్రీమియర్ ‘మీడియా సరిపోదు’ అని హెచ్చరించి చివరి ఫ్రేమునే మళ్లీ మళ్లీ చూపిస్తుంది. రెండు అంచులనూ కాస్త లోపలికి ట్రిమ్ చేయండి, సరిపోతుంది.

ఇక ‘లైఫ్‌టైమ్’ మాట. అడోబీ 2013 నుంచి ప్రీమియర్ ప్రో కొత్త వెర్షన్లన్నీ చందా పద్ధతిలోనే ఇస్తోంది. ఒకసారి డబ్బు కట్టి ఉంచుకునే పద్ధతి సీఎస్6 అనే పాత వెర్షన్‌తోనే ఆగిపోయింది. కాబట్టి ఇప్పటి ప్రీమియర్‌ను ఎవరైనా లైఫ్‌టైమ్ అని అమ్మితే అది క్రాక్ కాపీనే, అంటే లైసెన్స్ తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ, ఇంకో మాట లేదు. ఒకసారి కట్టి ఎప్పటికీ వాడుకునేది కావాలంటే రిజాల్వ్ డబ్బు కట్టే వెర్షన్ రిజాల్వ్ స్టూడియో ఉంది, కంపెనీ పెట్టిన ధర 295 డాలర్లు. ఫేడ్ల కోసం అదీ అవసరం లేదు. యాంటీవైరస్ ఆపమన్న దగ్గరే లేచి వచ్చేయండి. క్రాక్ ఫైళ్లతో వచ్చే వైరస్‌లలో మీ ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగేవి ఉన్నాయి. సీజన్‌లో ఒక్క హార్డ్‌డిస్క్‌లో ఎంతమంది పెళ్లిళ్లు ఉంటాయో మీకు తెలుసు.

డబ్బు వాపస్ అడిగితే మొదట “సాఫ్ట్‌వేర్‌కు రిటర్న్ లేదు” అన్నాడు. గట్టిగా అడిగితే “వ్యాపారం కోసం కొన్నవ్, కన్జ్యూమర్ కేసు కాదు” అన్నాడు. ఈ మాటకు భయపడకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం మాత్రమే కొనుక్కున్నవాళ్లు కూడా వినియోగదారులే. ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయకండి, యూపీఐ రసీదు, షాపువాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు దాచి పెట్టండి. ముందుగా 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు, 5 లక్షల వరకు కొనుగోళ్లకు ఫీజు లేదు. నేను 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. ఇదే పెన్‌డ్రైవ్ కొన్నవాళ్లు మీరూ చేయండి. చేసేటప్పుడు వాటర్‌మార్క్ పడిన వీడియో స్క్రీన్‌షాట్ కూడా జత చేయండి.