బరంపురంలో స్టార్ హోటల్ చెఫ్‌లు పెట్టిన టిఫిన్ సెంటర్లు, చాన్నాళ్ళుగా తింటున్నవాడి రివ్యూ

బరంపురంలో టిఫిన్‌కి కరువు లేదు, అది ముందే చెప్పేస్తన్నా. ఇప్పుడు ఒడిశాలో ఉన్నా 1936 దాకా మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు, పొద్దున్నే ఇడ్లీయో ఉప్మానో గారెయో పడకపోతే ఇక్కడ తెలుగోళ్ళకే కాదు ఒడియా వాళ్ళకి కూడా పని మొదలవదు, సందుకో బండి ఉంటది, ప్రతి బండికీ దాని మీద ప్రాణం పెట్టే బ్యాచ్ ఒకటి ఉంటది. అలాంటి ఊళ్ళో ఒక స్టార్ హోటల్ చెఫ్ వచ్చి టిఫిన్ సెంటర్ తెరిచాడంటే మా ఆఫీసులో అందరూ నవ్వారు, ఫైవ్ స్టార్ వాడొచ్చి మనకి ఉప్మా నేర్పుతాడా అని.

గాంధీనగర్ వైపు ఒక సందులో ఉంది. పేరు రాయట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి, పైగా ఊళ్ళో ఉన్నోళ్ళకి పేరక్కర్లేదు. ఓనరే చెఫ్, మన తెలుగాయనే, సొంతూరు పర్లాకిమిడి, ముంబైలో పెద్ద హోటల్లో కమీగా, అంటే కిచెన్‌లో అందరికంటే కింది వంటవాడిగా చేరి ఉల్లిపాయలు వలవడం దగ్గర్నుంచి పైకొచ్చాడు, తర్వాత కొన్నేళ్ళు షిప్పులో చేశాడు. గోడ మీద ఫోటోలూ సర్టిఫికెట్లూ ఏమీ ఉండవు. ఆరు టేబుళ్ళు, స్టీలు ప్లేట్లు, బయట చెప్పులు ఎక్కడ పడితే అక్కడ.

మొదట్లో నాకూ తేడా తెలీలేదు. ఇడ్లీ బాగుంది, మన బజార్లో కూడా బాగుంటది కదా, దానికి 40 రూపాయలు ఎందుకు అనుకున్నా. తేడా తెలిసింది లేటుగా వెళ్ళిన రోజు. మీరే చూడండి, ఏ టిఫిన్ సెంటర్లో అయినా ఏడింటికి సాంబార్ అమృతంలా ఉంటది, తొమ్మిదిన్నర అయ్యేసరికి అందులో వేడినీళ్ళు పడతాయి, పదింటికి అది పసుపు నీళ్ళు, ముక్క కోసం గరిటె అడుగుదాకా పెట్టి వెతుక్కోవాలి. ఇక్కడ పదిన్నరకి వెళ్ళినా ఏడింటి సాంబారే. ఎలాగా అని కౌంటర్ పక్కన టేబుల్ ఎంచుకుని కూర్చుని చూసేవాణ్ణి. పప్పు ఒక గిన్నెలో, ముక్కలతో మరిగిన చింతపండు పులుసు ఇంకో గిన్నెలో విడిగా ఉంటాయి, ఒక చిన్న గిన్నెకి సరిపడా మాత్రమే కలిపి మరగనిచ్చి అప్పటికప్పుడు పోపు పెడతారు, అది అయిపోవచ్చే ముందే ఇంకో గిన్నె మొదలు. చట్నీ కూడా అంతే, పొద్దున్నే బకెట్ నిండా రుబ్బి పెట్టుకోరు, చిన్న జారులో ఇంత ఇంత. ఇందులో రహస్యం మసాలా ఏమీ లేదు, ఓపిక ఉంటే ఎవడైనా చెయ్యొచ్చు, కానీ ఎవడూ చెయ్యడు.

ఇంకోటి, స్పూన్ల గ్లాసు. స్టవ్ పక్కన స్టీలు గ్లాసులో చిన్న స్పూన్లు నిలబెట్టి ఉంటాయి, చెఫ్ ఒక స్పూన్ తీసి సాంబార్ రుచి చూస్తాడు, అది పక్క గ్లాసులో పడేస్తాడు, మళ్ళీ చూడాలంటే కొత్త స్పూన్. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు నోట్లో పెట్టిన స్పూనే మళ్ళీ గిన్నెలో ముంచబోయాడు, ఈయన అరవలేదు, తిట్టలేదు, చెయ్యి చాపి ఆ స్పూన్ లాక్కుని పక్క గ్లాసులో వేసి కొత్తది చేతిలో పెట్టాడు, మాటల్లేవు. ఫ్రిజ్‌లో ప్రతి డబ్బా మీదా టేపు అంటించి తారీఖు, టైము మార్కర్‌తో రాసి ఉంటది. స్టార్ హోటల్ నుంచి ఈ ఊరికి వచ్చింది అసలు ఇదే అని నా లెక్క, వంటకం కాదు.

ఉప్మా పూరీ గురించి చెప్పకపోతే పాపం. రవ్వ ఎర్రబడకుండా సన్న సెగ మీద వేయించింది, అల్లం కనపడదు కానీ గొంతులో తెలుస్తది, పూరీ చిన్నది, నూనె కారదు. 60 రూపాయలు. బయట కంటే ఎక్కువే, నాకైతే పర్లేదు. బిల్లులో జీఎస్టీ అని విడిగా ఏమీ వెయ్యరు, చిన్న హోటళ్ళకి కాంపోజిషన్ స్కీము ఉంది కదా, అందులో ఉన్నవాళ్ళు కస్టమర్ దగ్గర వసూలు చెయ్యకూడదు, తమ అమ్మకాల మీద 5 శాతం వాళ్ళే కట్టుకోవాలి.

ఇలా పెద్ద కిచెన్ వదిలి చిన్న కొట్టు పెట్టడం మన దగ్గర కొత్తగానీ బయట పాతదే. హాంకాంగ్‌లో మాక్ క్వాయ్ పుయ్ అనే ఆయన ఫోర్ సీజన్స్ హోటల్లో మిషెలిన్ అనే రెస్టారెంట్ల గైడ్ ఇచ్చే స్టార్లు మూడున్న రెస్టారెంట్‌లో డిమ్‌సమ్ అనే చైనా చిరుతిళ్ళు వండేవాడు, 2009లో మోంగ్ కాక్‌లో టిమ్ హో వాన్ అని ఇరుకు షాపు పెడితే మరుసటి ఏడాది గైడ్‌లో దానికే ఒక స్టార్ ఇచ్చేశారు, జనం పంది మాంసం బన్ను కోసం గంటలు గంటలు లైన్లో నిలబడేవారు. లాస్ ఏంజెలెస్‌లో రాయ్ చోయ్ కూడా పెద్ద హోటళ్ళలో చేసినవాడే, 2008లో కోగీ అని ట్రక్కు ఎక్కి టాకో అనే మెక్సికో మడత రొట్టెలో కొరియా పద్ధతిలో వండిన మాంసం పెట్టి అమ్మాడు. ముంబైలో బాంబే క్యాంటీన్ 2015లో మొదలైంది, మొదట్లో దాని వెనకున్న ఫ్లాయిడ్ కార్డోజ్ న్యూయార్క్‌లో ఖరీదైన రెస్టారెంట్ నడిపిన మనిషి, కాకపోతే అది క్యాంటీన్ అనేది పేరుకే, బిల్లు చూస్తే మన జేబుకి క్యాంటీన్ కాదు. బన్నుకి ఒకడు, టాకోకి ఒకడు అన్నట్టు ఒక్క ఐటమ్‌ని పట్టుకున్నవాళ్ళే జనం నోట్లో పడ్డారని నాకనిపిస్తది.

మన పర్లాకిమిడి ఆయన ఇక్కడే తప్పటడుగు వేశాడు. టిఫిన్ పికప్ అయ్యాక రాత్రి మెనూ అని మొదలెట్టాడు, పెద్ద తెల్ల ప్లేటు మధ్యలో పిడికెడు దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), దాని మీద ఏదో నురగ, పక్కన బడి అనే ఒడియా వడియాల ముక్కలు మూడు పొడిచి, 280 రూపాయలు. మా పక్క టేబుల్లో రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఆ ప్లేటు కాసేపు చూసి "ఏటి బాబూ, ప్లేటు సబ్బు సరిగ్గా పోలేదా?" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. చెఫ్ "అది కొబ్బరిపాల నురగండి మాస్టారూ" అంటే, "మరి కొబ్బరిపాలే పోసేయొచ్చు కదా" అన్నారాయన. నెల తిరక్కుండానే ఆ మెనూ లేచిపోయింది. అయితే దాల్మా మాత్రం ఇప్పుడు మధ్యాహ్నం భోజనంలో గిన్నెడు పెడుతున్నాడు, నురగ లేకుండా, పచ్చి అరటికాయ మెత్తబడి కూడా ముక్కగా ఉండి భలే ఉంటది. ఎండాకాలం పఖాళ, అంటే ఒడియా వాళ్ళ చద్దన్నం కూడా ఉంటది, బడి చూరా (నలిపిన వడియాలు), సాగు అనే ఆకుకూర, వేపుడు చేప ముక్కతో. మా ఆవిడ ఇంట్లో చద్దన్నం పెడితే మొహం చిట్లించే మా వాడు అక్కడ కుండ నాకేస్తాడు.

ఇక తిట్లు. ఒకటి, చెఫ్ ఊళ్ళో లేని రోజులు. ఆయన భువనేశ్వర్‌లో ఎవరికో మెనూ చేసి పెట్టడానికి వెళ్తుంటాడు, ఆ రోజుల్లో ఉప్మా ఉండలు కడతది, సాంబార్ మామూలు సాంబార్ అయిపోద్ది, రేటు మాత్రం అదే. కుర్రాళ్ళకి పని నేర్పాడు కానీ అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో నేర్పలేదేమో. వెళ్ళేముందు బయట ఆయన స్కూటర్ ఉందో లేదో చూసుకోవడం నాకిప్పుడు అలవాటు. రెండు, సాంబార్ రెండోసారి అడిగితే వేస్తారు గానీ చిన్న గిన్నెడే, అదీ పిలిచి పిలిచి గొంతు పోవాలి, బకెట్ పట్టుకుని తిరిగే ఊళ్ళో ఇది జనాలకి ఎక్కదు. మూడు, దోసె పార్సిల్ ఇవ్వరు, మెత్తబడిపోద్దంట. బాబాయ్, ఇంట్లో ముసలమ్మ ఉంది, మెత్తగా ఉంటేనే ఆవిడ తినగలదు అని చెప్పా, "ఆవిడకి ఇడ్లీ పంపిస్తా తీసుకెళ్ళండి" అన్నాడు. పంపాడు, డబ్బులు తీసుకోలేదు, దోసె మాత్రం ఇవ్వలేదు.

మెడికల్ కాలేజీ దగ్గర ఇంకో చెఫ్ బర్గర్, పాస్తా అని పెట్టాడు, స్టూడెంట్లు ఫోటోలు తీసుకున్నారు, అద్దె కట్టలేక మూసేశాడు, దాని గురించి ఇంతే.

గోపాల్‌పూర్ రోడ్డు మీద సాయంత్రం బండి ఒకటి మాత్రం తప్పకుండా వెళ్ళండి. ఒడియా కుర్రాడు, రిసార్టు కిచెన్‌లో చేసి మానేశాడు, అందరూ భాయి అంటారు. చేపకి ముందే మసాలా పట్టించి ఎర్రగా ఆరబెట్టడు, మీరు చూపించిన ముక్కకి అప్పుడు ఉప్పు, పసుపు, ఆవముద్ద రాసి పెనం మీద వేసి, ఒకవైపు పూర్తిగా కాలేదాకా ముట్టుకోడు, పక్కన నిలబడి తొందరపెడితే "ఆగండి భాయీ" అంటాడు అంతే. తోలు కరకర, లోపల తడి. కూర్చోడానికి స్టూళ్ళు తక్కువ, చెయ్యి కడుక్కునే నీళ్ళు డ్రమ్ములో, పిల్లలతో వెళ్తే ఇబ్బందే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట బంద్ కదా, ఆ రెండు నెలలు ఐస్ చేప తెచ్చి అమ్మడు, చికెన్ పెడతాడు, ఆ చికెన్ మామూలుగానే ఉంటది, దానికోసం అంత దూరం వెళ్ళొద్దు.