యూఆర్ఎల్, సెర్చ్‌పారమ్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

వెబ్ అడ్రస్‌ను విడదీసి మార్చడానికి జావాస్క్రిప్ట్‌లో (బ్రౌజర్‌లో నడిచే కోడ్ భాష) ఉన్న పనిముట్టు యూఆర్ఎల్ ఆబ్జెక్ట్. అందులో ప్రశ్న గుర్తు తర్వాతి భాగాన్ని చూసుకునేది సెర్చ్‌పారమ్స్. బరంపురంలో పట్టుచీరల దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఇక్కడ ఏ దుకాణానికైనా తెలుగువాళ్లూ వస్తారు, ఒడియావాళ్లూ వస్తారు. అందుకే భాష, రంగు, ధర అన్నీ వెబ్ అడ్రస్‌లో ప్రశ్న గుర్తు తర్వాతే పెడతాను. ఒకరు చూస్తున్న చీరలే వాట్సాప్‌లో లింకు అందుకున్న వదినగారికీ కనిపించాలి కదా.

నా చేతికొచ్చే పాత సైట్లలో స్ప్లిట్, రీప్లేస్ అనే మామూలు అక్షరాల కమాండ్లతో అడ్రస్‌ను ముక్కలు చేసి అతికించిన కోడే ఎక్కువ. భాష మారిస్తే రంగు పోతుంది. చివర హ్యాష్ (#) గుర్తు ఉంటే కొత్త విలువ దాని వెనక చేరుతుంది, హ్యాష్ తర్వాతది సర్వర్‌కే వెళ్లదు. యూఆర్ఎల్ ఆబ్జెక్ట్ వాడితే ఈ తలనొప్పి లేదు. సెర్చ్‌పారమ్స్‌లో ‘సెట్’ పిలిస్తే ఉన్న విలువ మారుతుంది, లేకపోతే కొత్తగా చేరుతుంది. రెండు మూడు రంగులు కావాలంటే ‘అపెండ్’, చదవడానికి ‘గెట్‌ఆల్’.

నాకు దీని మీద గురి కుదిరింది మాత్రం మన లిపి వల్లే. తెలుగులో ఒక్కో గుర్తు యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతి) 3 బైట్లు; అడ్రస్‌లో ఒక్కో బైటు %తో మొదలయ్యే 3 అక్షరాలు కాబట్టి మొత్తం 9 అక్షరాలు. వత్తు, గుణింతంతో కలిపి ‘పట్టు’ అనే చిన్న మాట 45 అక్షరాలవుతుంది. ‘బాబూ, లింకు నిండా పర్సంటేజీలే ఉన్నాయి, నొక్కొచ్చా?’ అని ఛత్రపురం నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. నొక్కితే తెలుగు చక్కగా తిరిగొచ్చింది. ‘జరీ & బుటా’ అని వెతికినా మాట మధ్యలో తెగదు. అడ్రస్‌ను ఇలా % రూపంలోకి మార్చే పాత కమాండ్ ఎన్‌కోడ్‌యూఆర్ఐ అయితే ఆ & గుర్తును ముట్టుకోదు, అక్కడే రెండు ముక్కలవుతుంది.

ప్లస్ గుర్తు గొడవ లేకపోతే 5కి 5 ఇచ్చేవాణ్ని. ఇది ఖాళీని ప్లస్‌గా రాస్తుంది, ప్లస్‌ను ఖాళీగా చదువుతుంది. ఎవరైనా చేత్తో రాసిన లింకులో ఫోన్ నంబరు ముందు +91 ఉంటే ఆ ప్లస్ మాయం. ఇంకో చిక్కు: ఒక్క విలువ మార్చినా మొత్తం వరసను తిరగరాస్తుంది. ముట్టుకోని చోట ఉన్న %20 కూడా ప్లస్ అయిపోతుంది. ఒక పేమెంట్ కంపెనీ సంతకం చేసి (లింకును ఎవరూ మార్చలేదని తేల్చే కోడ్ చేర్చి) పంపే లింకులకు ఇలా ఒక విలువ చేర్చితే సంతకం సరిపోలక తిరగ్గొట్టింది. సంతకం ఉన్న లింకుల జోలికి మాత్రం పోకండి, వచ్చినవి వచ్చినట్టే పంపండి.

మారిన అడ్రస్‌ను బ్రౌజర్‌లో చూపించడానికి రెండు కమాండ్లున్నాయి: పుష్‌స్టేట్ హిస్టరీలో కొత్త మెట్టు చేరుస్తుంది, రీప్లేస్‌స్టేట్ ఉన్న మెట్టునే మారుస్తుంది. రంగు మార్చినప్పుడల్లా పుష్‌స్టేట్ వాడితే కొనేవాళ్లు బ్యాక్ నొక్కీ నొక్కీ విసిగిపోతారు. ఫిల్టర్లకు రీప్లేస్‌స్టేట్ మేలు, పేజీ మళ్లీ లోడ్ కూడా అవ్వదు.

అడ్రస్ సరిగా లేకపోతే యూఆర్ఎల్ ఆబ్జెక్ట్ ఎర్రర్ విసిరేస్తుంది. ముందే పరీక్షించే ‘క్యాన్‌పార్స్’ 2023లో బ్రౌజర్లన్నిటికీ వచ్చింది. నేత ఇళ్లలో ఇంకా పాత ఫోన్లే ఉన్నాయి కాబట్టి నేను ఎర్రర్ వస్తే పట్టుకునే పాత పద్ధతి ట్రై-క్యాచ్‌నే ఉంచుతున్నాను.