హార్మోన్లు మొదలుపెట్టి మూడేళ్లు: నొప్పిని నమ్ముకుని నేను వేసుకున్న తప్పు లెక్క

నేను ట్రాన్స్ మహిళను. ఆడ హార్మోన్ మాత్రలు మొదలుపెట్టిన ఏడో వారంలో, సిటీ బస్సులో నిలబడి ఉంటే ఒకావిడ మోచెయ్యి ఛాతీకి తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చి తడుముకుంటే ఎడమవైపు చనుమొన కింద శనగగింజంత గట్టిగా ఏదో ఉంది. కుడివైపు ఏమీ లేదు. కేన్సరేమో అని టెన్షన్ పట్టుకుని అక్కకు ఫోన్ చేశాను. ఆవిడ పకపకా నవ్వింది. "ఏడో తరగతిలో నాకూ ఇంతేనే. ఓణీ తగిలినా ప్రాణం పోయేది" అంది. అక్క నన్ను "ఏమే" అనే వరసలో పిలవడం అదే మొదటిసారి, అందుకని ఆ రాత్రి నొప్పి కూడా బాగానే ఉన్నట్టు అనిపించింది.

ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టర్, చెప్పిందీ అదే. ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ అందగానే చనుమొన కింద పాలనాళాల కణజాలం పెరగడం మొదలవుతుంది, పెద్దమనిషి కాబోయే ఆడపిల్లల్లో జరిగేదే ఇదీ. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య తెలుస్తుంది, పూర్తిగా పెరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. నాకు కాస్త ముందే తెలిసింది. ఎస్ట్రడియాల్ వాలరేట్ అనే ఈస్ట్రోజన్ మాత్ర రోజుకు 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూశాక 4కి పెంచారు. దాంతోపాటు మగ హార్మోన్‌ని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్. దీనివల్ల మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగు, పైగా ఒంట్లో పొటాషియం పెరిగే ప్రమాదం. అందుకే ఎండాకాలంలో రోజూ తాగే కొబ్బరిబోండాం మానెయ్యమన్నారు. నిజం చెప్పాలంటే రొమ్ము నొప్పికన్నా నాకు అదే కష్టమైంది.

మూడు నుంచి ఎనిమిది నెలల దాకా సలుపు ఎక్కువ. బోర్లా పడుకోలేను, ఆటో స్పీడ్‌బ్రేకర్ ఎక్కితే చేతులు అడ్డం పెట్టుకోవాలి, షవర్ నీళ్లు కూడా గుచ్చుకునేవి. మెత్తటి కాటన్ స్పోర్ట్స్ బ్రా వేసుకున్నాక సగం తగ్గింది. బిగుతుగా ఉన్నది కొనకండి, నేను కొని ఒక్కరోజులో పక్కన పడేశాను.

తొమ్మిదో నెలలో నొప్పి ఉన్నట్టుండి పోయింది. నేను బోల్తా పడింది అక్కడే. నొప్పి లేదంటే పెరగడం ఆగిపోయిందని నాకు నేనే తేల్చేసుకున్నాను. రోజూ పొద్దున్నే నొక్కి చూసుకునేదాన్ని, నొప్పి రాకపోతే ఆ రోజంతా దిగులు. డోసు పెంచమని డాక్టర్‌ని సతాయించాను. ఆవిడ ఒప్పుకోలేదు. రక్తంలో ఎస్ట్రడియాల్ మిల్లీలీటరుకు 100-200 పికోగ్రాముల మధ్య, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు, అంటే ఉండాల్సినంతే ఉన్నాయి, ఇక పెంచితే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందే గాని ఇంకేం రాదన్నారు. తర్వాత నేనే చదివాను. 2018లో వచ్చిన యూరప్ అధ్యయనంలో రక్తంలో ఎస్ట్రడియాల్ ఎంతుందన్నదాన్ని బట్టి రొమ్ములు ఎంత పెరుగుతాయో చెప్పలేకపోయారు. మొదటి ఏడాదిలో వచ్చిన పెరుగుదలలో ఎక్కువభాగం మొదటి ఆరు నెలల్లోదే. ఏడాది చివరికి దాదాపు సగం మందికి అతి చిన్న కప్పు సైజు కూడా రాలేదు. ఈ సంగతి ముందే తెలిసుంటే అన్ని నెలలు ఏడ్చేదాన్ని కాదు.

నొప్పి పద్నాలుగో నెలలో మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మధ్యలో నొప్పి లేని నెలల్లోనే రెండు సెంటీమీటర్లు పెరిగాను, టేపుతో కొలిచి రాసుకున్నాను.

డోసు విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. మనవాళ్లలో కొందరు త్వరగా పెరగాలని గర్భనిరోధక మాత్రలు రెట్టింపు వేసుకుంటారు. వాటిలో ఉండే ఇథినైల్ ఎస్ట్రడియాల్ వేరే మందు, రక్తం గడ్డకట్టించడంలో దానిది పైచేయి. సిగరెట్ తోడైతే ఇంకా ప్రమాదం. చనుమొన కింద కాకుండా పక్కన ఎక్కడైనా కదలని గట్టి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం కనిపించినా అక్క మాట కాదు, డాక్టర్ మాట వినాలి.

ఎడమది ఇప్పటికీ కొంచెం పెద్దదే. మొన్న జాకెట్టు కొలతలిస్తూ మొహమాటపడుతుంటే, "ఎవరికి సమానంగా ఉంటాయమ్మా" అంటూ టైలరమ్మ కుడివైపు కొలత ఇంకో సంఖ్యగా రాసుకుంది.